మా వీధి మలుపులో పాడుబడ్డ ఎస్‌టీడీ బూత్ తీయించాలి. ఎవరికి అర్జీ పెట్టాలి?

నాలుగోలైన్_వాణి
మా లైన్ మలుపులో వేపచెట్టు పక్కన ఒక పాత ఎస్‌టీడీ బూత్ ఉంది. అల్యూమినియం ఫ్రేము, పైన పసుపు బోర్డు. అక్షరాలు సగం రాలిపోయి "పీసీవో" (పబ్లిక్ ఫోన్) అన్నదాంట్లో "పీసీ" వరకే మిగిలింది. లోపల ఫోన్ లేక ఏళ్లు గడిచాయి. అద్దాలు పగిలినచోట పాత ఎన్నికల ఫ్లెక్సీ కట్టారు. పగలు ఒకతను అందులో కూర్చుని సిగరెట్లు, ఖైనీ అమ్ముతాడు. చీకటి పడ్డాక దాని వెనక మందు మొదలు. పొద్దున్నే సీసాలు, ప్లాస్టిక్ గ్లాసులు, పల్లీల తొక్కలు.

అసలు బాధ నడక గురించి. ఫుట్‌పాత్ మొత్తం ఆ డబ్బానే ఆక్రమించింది. పక్కన కాలవ. ట్యూషన్ నుంచి వచ్చే పిల్లలు రోడ్డు మీదికి దిగి మలుపు తిరగాలి, ఆటోలు తిరిగేదీ అక్కడే. ఈమధ్య ఒక పాపకు బైక్ హ్యాండిల్ తగిలి మోచేయి చీరుకుపోయింది. ఆ రోజు నుంచి నాకు నిద్ర పట్టడం లేదు.

వార్డు ఆఫీసులో అడిగితే "అది టెలిఫోన్ వాళ్లదమ్మా, మేం చెయ్యి పెట్టకూడదు" అంటారు. టెలిఫోన్ ఆఫీసుకు వెళ్తే "లైన్ ఎప్పుడో తీసేశాం, డబ్బాతో మాకేం సంబంధం" అంటారు. ఇలాంటిది తీయించిన వాళ్లు ఎవరైనా ఉంటే దారి చెప్పండి.

కాఫీపొడి
మా వీధిలోనూ సేమ్ టు సేమ్. జవాబుల కోసం కాచుకుని ఉన్నా.

దిల్‌సుఖ్_రాజు
అర్జీలు, ఆఫీసులు అని తిరిగితే పాప పెళ్లీడుకొస్తుంది అక్కా. ఆదివారం పొద్దున నలుగురు కుర్రాళ్లను, ఒక జేసీబీని మాట్లాడండి. అరగంట పని. ఎవడూ అడగడు.

వార్డ్‌వాచ్
రాజు గారూ, ఆ సలహా మాత్రం వద్దు. డబ్బా ఎవరిదో తెలియకుండా పగలగొడితే రేపు దాని తాలూకు మనిషి స్టేషన్‌కెళ్లి "నా షాపు ధ్వంసం చేశారు, లోపలున్న సరుకు పోయింది" అని రాసిస్తే వాణి గారు సమాధానం చెప్పుకోవాలి. పైగా అందులో ఒక మనిషి వ్యాపారం చేస్తున్నాడు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వీధి వ్యాపారిని ఖాళీ చేయించాలంటే ముప్పై రోజుల ముందు నోటీసివ్వాలి. అదీ స్థానిక సంస్థ ఇవ్వాలి, మనం కాదు.

దిల్‌సుఖ్_రాజు
ఖైనీ అమ్మేవాడికి కూడా చట్టమా?

వార్డ్‌వాచ్
ఏం అమ్ముతున్నాడన్నది వేరే ఫిర్యాదు. స్కూలు గేటుకు వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 చట్టంలోనే ఉంది, అది పోలీసులకు రాయాలి. ఈ రెండింటినీ ఒకే కాగితంలో కలిపితే ఏదీ తెగదు.

నాలుగోలైన్_వాణి
స్కూలు కొంచెం దూరమే. టేపు పట్టి చూడాలి.

పాతటెలికాం
ఫోన్ మెకానిక్‌గా చేరి ఎక్స్ఛేంజ్‌లోనే రిటైరైన మనిషిని. ఈ గొడవ తెగాలంటే ముందు ఒక సంగతి తెలియాలి. ఎస్‌టీడీ బూత్ ఒక వస్తువులా కనబడుతుంది కానీ, అందులో ముగ్గురి ఆస్తి ఉంటుంది.

లైన్ టెలిఫోన్ శాఖది. 2000 అక్టోబరు 1 నుంచి అయితే బీఎస్ఎన్ఎల్‌ది. డబ్బా మాత్రం శాఖది కాదు. ఫ్రాంచైజీ తీసుకున్న మనిషి సొంత డబ్బుతో చేయించుకునేవాడు. అల్యూమినియం క్యాబిన్, లోపలి స్టూలు, ఎర్ర అంకెలు పరుగెత్తే మానిటర్, బిల్లు కొట్టే చిన్న ప్రింటరు, అన్నీ అతనివే. శాఖ ఇచ్చింది కనెక్షన్, పీసీవో నడుపుకునే హక్కు, దాని మీద కమీషన్. ఇక కింద నేల మునిసిపాలిటీది. ఫుట్‌పాత్ మీద పెట్టుకోవడానికి మునిసిపాలిటీ అనుమతి కావాలి. చాలాచోట్ల రోజువారీ ఆశీలు (చోటు వాడుకున్నందుకు కట్టే రుసుము) రసీదే అనుమతిగా చలామణీ అయ్యేది.

కాబట్టి మీకు రెండు ఆఫీసుల వాళ్లూ అబద్ధం చెప్పలేదమ్మా. "లైన్ తీసేశాం" అన్నదీ నిజమే, "అది టెలిఫోన్ బూత్" అన్నదీ నిజమే. వాళ్లు చెప్పని ముక్క ఏమిటంటే, లైన్ పోయిన రోజే ఆ డబ్బా అక్కడ ఉండటానికి కారణం పోయింది. ఆ ముక్క టెలిఫోన్ వాళ్ల చేత కాగితం మీద రాయించుకోండి. అది చేతిలో ఉంటే మునిసిపల్ వాళ్లకు తప్పించుకునే దారి ఉండదు.

కాఫీపొడి
పదేళ్లుగా ఈ ముక్క ఎవరూ చెప్పలేదు సార్.

నాలుగోలైన్_వాణి
పాతటెలికాం గారూ, కాగితం మీద ఎలా రాయించాలి? నోటిమాట తప్ప ఇవ్వరు.

వార్డ్‌వాచ్
సమాచార హక్కు (ఆర్‌టీఐ). బీఎస్ఎన్ఎల్ కేంద్ర సంస్థ కాబట్టి కేంద్రం ఆర్‌టీఐ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. పది రూపాయలు ఫీజు, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ప్రశ్నలు పొట్టిగా ఉండాలి: ఫలానా చోట పీసీవో కనెక్షన్ ఉండేదా, ఏ సంవత్సరంలో తీసేశారు, ఏ కేటగిరీ కింద ఇచ్చారు, ఇప్పుడు అక్కడ సంస్థ ఆస్తి ఏదైనా ఉందా. అంతే. "ఎందుకు తీయలేదు" లాంటి ప్రశ్నలు వేయకండి. ఆర్‌టీఐలో సంజాయిషీ అడిగితే ఇవ్వరు, రికార్డులో ఉన్నది అడిగితే ఇస్తారు.

వేరే ఆఫీసుకు పెట్టాల్సింది వీళ్లకు పెట్టినా భయం లేదు, సెక్షన్ 6(3) ప్రకారం అయిదు రోజుల్లో వాళ్లే సరైన చోటికి పంపాలి.

మూడుచక్రాలు
మొదటి పోస్టు నుంచి చదువుతున్నా. ఒక మాట చెప్పాలి. నాకు చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ పోయాయి. 1993లో బస్టాండు పక్కన నాకూ ఇలాంటి బూతే ఇచ్చారు. వికలాంగులకు, మాజీ సైనికులకు, వితంతువులకు ముందు ఇచ్చేవాళ్లు. మా ఇంట్లో మొదటి కుక్కర్, మా చెల్లి కాలేజీ ఫీజు, మా నాన్న గుండె ఆపరేషన్, అన్నీ ఆ నాలుగు అడుగుల డబ్బాలోంచి వచ్చాయి.

రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గేది. అప్పుడు చూడాలి క్యూ. గల్ఫ్‌లో మొగుళ్లున్న ఆడవాళ్లు చంటిపిల్లల్ని చంకనేసుకుని నిలబడేవాళ్లు. మానిటర్ మీద అంకె వైపు ఒక కన్నేసి మాట్లాడేవాళ్లు, చేతిలో ఉన్న డబ్బు అయిపోయే ముందు "ఉంటా మరి" అని పెట్టేసేవాళ్లు. నేను తల తిప్పుకుని కూర్చునేవాణ్ణి.

అందుకని రాజు గారూ, "జేసీబీతో లేపేయండి" అంటే నాకు కడుపులో దేవినట్టయింది. ఆ బూత్ ఎవరికో ఒకరికి రాసిచ్చినది. ఆ మనిషి ఎవరో, ఏమయ్యారో ముందు కనుక్కోండి.

అలాగని అది అక్కడే ఉండాలని నేననను. నా మూడుచక్రాల బండి ఇలాంటి డబ్బాల వల్లే ఏ ఊళ్లోనూ ఫుట్‌పాత్ ఎక్కలేదు. తీయించాల్సిందే. మర్యాదగా తీయించండి.

దిల్‌సుఖ్_రాజు
అన్నా, మిమ్మల్ని నొప్పించాలని కాదు. కానీ అసలు మనిషి ఎప్పుడో వదిలేసి ఉంటాడు, ఇప్పుడు కూర్చున్నవాడు వేరు. అసలు మనిషి పేరు చెప్పుకుని వీడు లాభపడుతున్నాడు. మా మేనమామ వాళ్ల ఊళ్లో ఇలాగే నోటీసు, జవాబు, గడువు అంటూ సాగదీసి చివరికి అక్కడ చికెన్ పకోడీ బండి కూడా వచ్చి చేరింది.

ఆటోస్టాండ్_బాబ్జీ
పకోడీ బాగుండేదా?

దిల్‌సుఖ్_రాజు
బాగుండేది అన్నా, అదే గొడవ. ఊరంతా వాడి వైపే.

వార్డ్‌వాచ్
రాజు గారు చెప్పిన భయం నిజమైనదే, సాగదీస్తే కొత్తవి పుట్టుకొస్తాయి. అయినా నోటీసు లేకుండా లేపేయడం తగదు. 1985లో సుప్రీంకోర్టు ఓల్గా టెలిస్ కేసులో ఫుట్‌పాత్ మీద బతికేవాళ్ల జీవనోపాధిని కూడా బతికే హక్కులో భాగంగానే చూసింది. అదే తీర్పులో ఫుట్‌పాత్ ఉన్నది నడవడానికే అని కూడా చెప్పింది. రెండూ ఉన్నాయి. మునిసిపల్ అధికారికి ఈ రెండో సగం గుర్తుచేయాలి.

వైజాగ్_వనజ
కొంచెం పక్కకు వెళ్తున్నా, ఏమనుకోకండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా వైజాగ్‌లో సెల్‌ఫోన్లు మూగబోయాయి. సిగ్నల్ లేదు, ఛార్జింగ్ పెట్టడానికి కరెంటు లేదు. మా అత్తయ్య బతికే ఉందో లేదో హైదరాబాదులో ఉన్న కొడుక్కి తెలియదు. అలాంటప్పుడు వీధికొక పనిచేసే ఫోన్ ఉంటే ఎంత బాగుండేదో. పబ్లిక్ ఫోన్ అంటేనే చెత్త అన్నట్టు మాట్లాడుతుంటే బాధేసింది.

పాతటెలికాం
వనజమ్మా, పనిచేసే ఫోన్ అయితే నేనే అడ్డం పడుకుంటాను. ఇక్కడ తీగే లేదు.

ఈస్ట్‌హామ్_శీను
ఇక్కడ లండన్‌లో మా వీధిలోనూ ఇదే రగడ నడిచింది, అందుకే రాస్తున్నా. సినిమాల్లో చూసే ఎర్ర పెట్టె కాదు, ఆ తర్వాతి కాలపు గాజు పెట్టె. లోపల సూదులు, మూత్రం వాసన. పిల్లల్ని స్కూలుకు తీసుకెళ్లే తల్లిదండ్రులందరం కలిసి తీయమని రాశాం.

ఇక్కడ పద్ధతి ఏమిటంటే, నడిచి వెళ్లే దూరంలో 400 మీటర్ల లోపు ఇంకో పెట్టె ఉంటే ఫోన్ కంపెనీ తనంతట తాను తీసేయొచ్చు. అదే చివరిదైతే తొంభై రోజుల పాటు స్థానిక కౌన్సిల్‌ను, జనాన్ని అడగాలి. 2022లో ఆఫ్‌కామ్ (ఇక్కడి టెలికాం నియంత్రణ సంస్థ) ఇంకో నియమం తెచ్చింది: అక్కడ నాలుగు మొబైల్ నెట్‌వర్క్‌ల సిగ్నల్ లేకపోయినా, ప్రమాదాలు, ఆత్మహత్యలు ఎక్కువగా జరిగే చోటయినా, ఏడాదిలో 52 కాల్స్ వెళ్లినా ఆ పెట్టెను తీయకూడదు. వనజ గారు అన్న భయం గురించే ఆ నియమం.

మాది చివరి పెట్టె కాదు కాబట్టి తీశారు. ఎర్ర పెట్టెలనైతే ఊళ్లవాళ్లు ఒక్క పౌండు కట్టి సొంతం చేసుకుంటారు. లోపల చిన్న లైబ్రరీ పెడతారు, గుండె ఆగినప్పుడు వాడే డీఫిబ్రిలేటర్ పెడతారు.

కాఫీపొడి
ఏడాదికి 52 అంటే వారానికి ఒక్క కాల్. ఒక్క కాల్‌కి కూడా విలువిచ్చారన్నమాట. నచ్చింది.

ఆటోస్టాండ్_బాబ్జీ
మన దగ్గర ఎవరు లెక్కపెడతారు శీనూ. మా స్టాండు పక్కన రూపాయి కాయిన్ డబ్బా ఒకటి గొలుసుతో కట్టి ఉండేది. మోగేది ఎక్కువ, మాట్లాడేది తక్కువ. మిస్డ్ కాల్ అందుకున్న వాళ్లంతా తిరిగి చేస్తే మేమే ఎత్తి "ఇది ఆటోస్టాండ్ అమ్మా" అని చెప్పేవాళ్లం.

ఎడిసన్_అమ్మాయి
బాబ్జీ అన్నా, మీరు నవ్విస్తున్నారు కానీ ఆ మోగడమే ఇక్కడ అమెరికాలో పెద్ద సమస్య అయింది ఒకప్పుడు. మా బాబాయ్ తొంభైల్లో న్యూజెర్సీలో ఒక గ్యాస్ స్టేషన్‌లో నైట్ షిఫ్ట్ చేసేవారు. బయట గోడకు పేఫోన్. మత్తుమందు అమ్మేవాళ్లు పేజర్ (ఫోన్ చేయాల్సిన నంబరు చూపించే చిన్న జేబు పరికరం) నంబరు కొట్టి, తిరిగి ఫోన్ వచ్చేదాకా అక్కడే కాచుకునేవాళ్లు. బాబాయ్ కౌంటర్ అద్దం వెనక బిక్కుబిక్కుమంటూ కూర్చునేవారట.

ఫోన్ మొత్తం తీసేస్తే కారు చెడిపోయినవాళ్లకు దిక్కుండదు. అందుకని బయటికి కాల్ వెళ్లేలా, లోపలికి రాకుండా చేయమని కంపెనీకి రాశారు. ఆ రోజుల్లో చాలా ఊళ్లలో అలాగే చేశారు. కొన్నిచోట్ల పేజర్‌కు నంబరు కొట్టడానికి వీల్లేకుండా బటన్ ఫోన్లు తీసి పాతకాలపు గుండ్రటి డయల్ ఫోన్లు పెట్టారు. మోగడం ఆగాక ఆ గుంపు పోయింది. ఫోన్ అలాగే ఉంది.

న్యూయార్క్‌లో అయితే నగరం తాలూకు చివరి పేఫోన్‌ను 2022 మే 23న టైమ్స్ స్క్వేర్ దగ్గర క్రేన్‌తో ఎత్తేశారు, మ్యూజియానికి ఇచ్చారు.

మూడుచక్రాలు
ఈ అమ్మాయి చెప్పింది గట్టి మాట. వాణి గారి వీధిలో కూడా ముందు ఆ రాత్రి గుంపు ఎందుకు చేరుతోందో చూడాలి. డబ్బా పోయినా చీకటి అలాగే ఉంటే వేపచెట్టు కిందే కూర్చుంటారు.

నాలుగోలైన్_వాణి
నిజమేనండీ. ఆ స్తంభానికి లైటు వెలగదు. డబ్బాలోకి మాత్రం మీటరు లేకుండా వైరు లాగారు, అందులో బల్బు వెలుగుతుంది.

పాతటెలికాం
అయితే కరెంటు ఆఫీసుకు విడిగా రాయండి. మీటరు లేని వైరు అన్నది వాళ్లు తక్షణం కదిలే మాట. వీధి దీపం మాత్రం మునిసిపాలిటీకే.

దిల్‌సుఖ్_రాజు
వైరు కట్ చేస్తే ఖైనీ అతను సాయంత్రం ఆరుకే ఇంటికెళ్తాడు. ఇది మంచి పాయింటు.

నాలుగోలైన్_వాణి
కొలతలు తీశాను, మా అబ్బాయి టేపు పట్టాడు. డబ్బా అంచుకూ కాలవకూ మధ్య జానెడున్నర. ఇటు రోడ్డు వైపు అంచు సరిగ్గా ఫుట్‌పాత్ రాయి మీద ఉంది. అంటే నడవడానికి చోటు సున్నా. కాలవ మీది బండ ఒకటి విరిగి ఉంది, దాన్ని కప్పడానికి ప్లైవుడ్ ముక్క వేశారు. అడుగున ఫ్రేముకు నాలుగు మూలలా బోల్టులు, సిమెంటు దిమ్మెలో దిగేసి ఉన్నాయి. ఫోటోలు తీస్తుంటే ఖైనీ అతను వచ్చి "ఏంటమ్మా సంగతి" అన్నాడు. చెప్పాను. కోప్పడలేదు. "నేను అద్దెకు తీసుకున్నా, ఓనరుకు కట్టేవాణ్ణి, ఇప్పుడు ఎవరూ రావడం లేదు" అన్నాడు.

వార్డ్‌వాచ్
కొలతలు బంగారం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (రోడ్ల ప్రమాణాలు చెప్పే సంస్థ) మార్గదర్శకాల్లో ఫుట్‌పాత్ మీద అడ్డంకి లేకుండా కనీసం 1.8 మీటర్లు వదలాలని ఉంది. రెండు వీల్‌చెయిర్లు ఎదురెదురుగా వచ్చినా పోగలిగేంత. మీ అర్జీలో "ఇబ్బందిగా ఉంది" అని రాయకండి. "కావలసింది 1.8 మీటర్లు, ఉన్నది సున్నా" అని రాయండి, ఫోటో జతచేయండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా ప్రస్తావించండి.

మూడుచక్రాలు
వికలాంగుడికి ఇచ్చిన బూత్ ఇంకో వికలాంగుడికి అడ్డం కావడం ఎంత అన్యాయమో చూడండి. ఇచ్చినప్పుడే రోడ్డు మీద కాకుండా ఒక గది చూపించి ఉంటే ఇద్దరికీ బాగుండేది.

కాఫీపొడి
ఇది అర్జీలో రాయాల్సిన మాట.

ఆటోస్టాండ్_బాబ్జీ
ఖైనీ అతని సంగతేంటి? అందరూ డబ్బా గురించే మాట్లాడుతున్నారు. అద్దె కట్టి కూర్చున్న మనిషి. ఇంట్లో పిల్లలుంటారు.

దిల్‌సుఖ్_రాజు
రాత్రి మందు గుంపుకు గ్లాసులు, నీళ్ల ప్యాకెట్లు అమ్మేది ఎవరు బాబ్జీ అన్నా?

ఆటోస్టాండ్_బాబ్జీ
అమ్మకపోతే వాళ్లు తాగడం మానేస్తారా? మా స్టాండు దగ్గర కూడా తాగుతారు, అక్కడ బడ్డీకొట్టు లేదు. పేదవాడి మీద పడటం తేలిక.

నాలుగోలైన్_వాణి
బాబ్జీ గారూ, పడటం లేదండీ. నేను అతనితో మాట్లాడాను కదా. కానీ ఆ పాప మోచేయి నేను కళ్లారా చూశాను. అతని బతుకూ కావాలి, పిల్లలు నడవడానికి అంత చోటూ కావాలి.

వార్డ్‌వాచ్
దారి ఉంది. టౌన్ వెండింగ్ కమిటీ అని ఒకటి ఉంటుంది. అందులో కనీసం నలభై శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. వీధి వ్యాపారుల సర్వేలో అతని పేరు ఎక్కిస్తే గుర్తింపు పత్రం, వ్యాపారానికి కేటాయించిన చోటు వస్తాయి. రైతుబజారు వైపో, పార్కు గేటు వైపో. మీరు పెట్టే అర్జీలోనే "అక్కడున్న చిరువ్యాపారికి వేరే చోటు చూపగలరు" అని ఒక వాక్యం రాయండి. అధికారులకు కూడా పని తేలికవుతుంది, గొడవ పెరగదు.

ఆటోస్టాండ్_బాబ్జీ
ఆ వాక్యం రాస్తే నేనూ సంతకం పెడతా.

నాలుగోలైన్_వాణి
ఆర్‌టీఐ జవాబు వచ్చింది. గడువు లోపలే, మర్యాదగా రాశారు. సారాంశం: ఆ చోట పీసీవో కనెక్షన్ వికలాంగుల కోటాలో ఇచ్చారు. 2009లో కనెక్షన్ రద్దయింది. ప్రస్తుతం అక్కడ సంస్థకు ఎలాంటి ఆస్తి లేదు, డబ్బా తీయడంపై అభ్యంతరం లేదు. పేరు ఇవ్వలేదు, వ్యక్తిగత సమాచారం అన్నారు.

కానీ మా వీధి పెద్దావిడ ఒకరు గుర్తుపట్టారు. ఆయన పోయి చాలాకాలమైంది. భార్య రెండు లైన్ల అవతల కుట్టుమిషన్ పెట్టుకుని బతుకుతోంది. వెళ్లి కలిశాను. ఆవిడకు ఆ డబ్బా ఇంకా అక్కడ ఉందనే తెలుసు, ఆ దారిన మాత్రం పోదు. అద్దె మొదట్లో వచ్చేదట, తర్వాత ఆగిపోయింది. అడగడానికి మొహమాటపడింది. నేను వచ్చిన పని చెప్పగానే లోపలికెళ్లి పాత ఫైలు తెచ్చింది. కేటాయింపు పత్రం, క్యాబిన్ చేయించిన బిల్లు, ఆశీలు రసీదుల కట్ట. రబ్బరు బ్యాండు పట్టుకోగానే తెగిపోయింది.

మూడుచక్రాలు
ఆ బిల్లు ఉందంటే డబ్బా ఆవిడదే. వాణి గారూ, ఒక్క సంగతి గట్టిగా పట్టుకోండి. మునిసిపల్ లారీలో వేసుకుపోతే అల్యూమినియం పాత ఇనుప సామాను కొట్టుకు పోతుంది, డబ్బు ఎవరి జేబులోకో పోతుంది. అల్యూమినియానికి ఇప్పటికీ మంచి ధర ఉంది. అది ఆవిడకు చేరాలి.

పాతటెలికాం
సరిగ్గా చెప్పారు. ఆవిడ చేతే అర్జీ పెట్టించండి: "నా భర్త పేరున ఉన్న క్యాబిన్‌ను నేనే స్వచ్ఛందంగా తీసుకుపోతాను, కూలీలకు, బండికి సహకరించగలరు" అని. అప్పుడు ఇది ఆక్రమణ తొలగింపు కాదు, సొంతదారు తన వస్తువు తీసుకెళ్లడం. నోటీసు గొడవ సగం పోతుంది.

దిల్‌సుఖ్_రాజు
ఆవిడకు కూలీల ఖర్చు ఎక్కడిది? బండి కిరాయి నేను పంపిస్తా. గ్యాస్ కట్టర్ అవసరం లేదు, బోల్టులకు ముందు రోజు రాత్రి కిరోసిన్ పోసి ఉంచితే స్పానర్‌తో వస్తాయి.

కాఫీపొడి
జేసీబీ నుంచి స్పానర్ దాకా వచ్చారు రాజు గారు. చాలా సంతోషం.

వైజాగ్_వనజ
నేనూ కొంత పంపిస్తాను. ఆవిడ దగ్గర మా పిల్లల స్కూల్ డ్రెస్సులు కుట్టించుకోవచ్చా? కొరియర్ చేస్తా.

నాలుగోలైన్_వాణి
సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల అర్జీలు తీసుకుంటారు కదా, అక్కడే ఇచ్చాం. ఆవిడ, నేను, మా లైన్ వాళ్లు కొందరం. ఆర్‌టీఐ జవాబు, కొలతలు, ఫోటోలు, ఆవిడ ఇచ్చిన అర్జీ, బాబ్జీ గారు అడిగిన వాక్యం, అన్నీ ఒకే సెట్టుగా. రసీదు నంబరు ఇచ్చారు. కాగితం అక్కడి నుంచి మునిసిపల్ కమిషనర్‌కు వెళ్లింది. వార్డు ప్లానింగ్ సెక్రటరీ వచ్చి చూసి వెళ్లారు. ఈసారి "టెలిఫోన్ వాళ్లది" అనలేదు.

వార్డ్‌వాచ్
రసీదు నంబరు ఫోటో తీసి పెట్టుకోండి. "పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చినా పని అయ్యాకే ఒప్పుకోండి. కాకపోతే అదే నంబరు మీద మళ్లీ తెరవమని అడగొచ్చు.

నాలుగోలైన్_వాణి
తీసేశారు! ఈ పొద్దున. మునిసిపాలిటీ వాళ్లు ఇద్దరు మనుషుల్ని పంపారు, మా కుర్రాళ్లు నలుగురు చేయి వేశారు. రాజు గారి కిరోసిన్ చిట్కాకు మూడు బోల్టులు లొంగాయి, నాలుగోది కోయాల్సి వచ్చింది. ఫ్రేము, తలుపు, బోర్డు ఆవిడే దగ్గరుండి తూకం వేయించుకుంది. ఖైనీ అతనికి పార్కు గేటు పక్కన తాత్కాలికంగా చోటు చూపించారు. టీ పెడతానంటున్నాడు. కరెంటు వాళ్లు వైరు తీసేశారు, వీధి దీపానికి మాత్రం ఇంకా ఎవరూ రాలేదు.

కాఫీపొడి
ఫోటో పెట్టండి వాణి గారూ. మా వీధి వాళ్లకు చూపిస్తా. ఆర్‌టీఐ ప్రశ్నలు కూడా ఉన్నవి ఉన్నట్టు పెట్టండి, కాపీ కొట్టుకుంటాం.

ఆటోస్టాండ్_బాబ్జీ
టీ కొట్టు పేరు చెప్పండి, మా ఆటోలు అటు మళ్లిస్తా.

మూడుచక్రాలు
చాలా సంతోషమమ్మా. పని ఇంకా ఉంది. ఆ సిమెంటు దిమ్మె అలాగే వదిలేస్తారు, చూడండి. బోల్టు మొనలు పైకి ఉంటే చీకట్లో ఎవరి కాలికో గుచ్చుకుంటాయి. దిమ్మె పగలగొట్టించి, విరిగిన కాలవ బండ మార్పించి, మలుపు దగ్గర రాయి తీసి ర్యాంప్ వేయమనండి. ర్యాంప్ అంటే సిమెంటు పోసి వాలు చేయడం కాదు. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. అంతకన్నా నిటారుగా ఉంటే నా బండి వెనక్కి జారుతుంది. మీ ఫుట్‌పాత్ ఎత్తు ఎంత?

నాలుగోలైన్_వాణి
ఆరు అంగుళాలు ఉండొచ్చు. రేపు పొద్దున కొలిచి పెడతాను.

మూడుచక్రాలు
ఆరు అంగుళాలైతే ఆరు అడుగుల పొడవు కావాలి. కాలవ వైపు చేతికి ఆసరాగా పైపు కూడా అడగండి.

వార్డ్‌వాచ్
దీపం, దిమ్మె, బండ, ర్యాంప్ నాలుగూ కలిపి కొత్త అర్జీ పెట్టండి, పాత నంబరు ప్రస్తావిస్తూ. డ్రాఫ్ట్ నేను రాసి ఈ రాత్రికి ఇక్కడే పెడతా, కొలతల చోట ఖాళీ వదులుతాను.